యంత్రములకు తెలుగు పేర్లు: పండితుల కూర్పు, పనివారి కూర్పు

క్రొత్త వస్తువు ఊరిలోనికి వచ్చినప్పుడు దాని వెంట పేరు కూడ వచ్చును. ఆ పేరును ఉన్నదున్నట్లు పుచ్చుకొనుటయా, మన నాలుకకు అనుగుణముగ మలచుకొనుటయా, లేక మన మాటలతో క్రొత్త పేరు కట్టుకొనుటయా అను ప్రశ్న ప్రతి భాషకును ఎదురగును. ఇది పండితుల చర్చ మాత్రమే యని త్రోసివేయరాదు. యంత్రమును నడపువాడు దాని పేరును, దాని భాగముల పేర్లను ఎరుగని యెడల ఆ యంత్రమునకు యజమాని కాజాలడు, సేవకుడుగనే మిగిలిపోవును. గ్రంథాలయము వంటి జ్ఞానసంస్థ పండుగ చేసికొనుచున్న ఈ వేళ మన ప్రాంతమున ఈ పేర్ల చరిత్ర ఎట్లు నడచినదో తలచుకొనుట యుచితము.

2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోను, అటుపిమ్మట మంచిర్యాల జిల్లాలోను చేరియున్న మన లక్సెట్టిపేట గోదావరి యొడ్డున వ్యవసాయముతోడను చేతివృత్తులతోడను పెరిగిన ఊరు. అట్టి ప్రాంతమునకు ఇరువదవ శతాబ్దమున యంత్రములు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. 1929 లో కాజీపేట బల్హార్షా రైలుమార్గము పూర్తియై, మంచిర్యాల మీదుగా మద్రాసునకు ఢిల్లీకి నేరుగా దారి ఏర్పడినది. బెల్లంపల్లి వైపు బొగ్గుగనులు తెరచిరి. కాగితపు మిల్లు వలన ఒక ఊరికి కాగజ్‌నగరమను పేరే కలిగినది. మంచిర్యాలలో సిమెంటు కర్మాగారము లేచినది. 1949 లో ఆరంభమైన కడెం ప్రాజెక్టు 1958 వరదలలో దెబ్బతిని, మరల బాగుపడి, 1965 నాటికి ముగిసినది. ఇన్ని యంత్రములకు, ఇన్ని పనులకు పేర్లు ఎచ్చటనుండి వచ్చినవి?

పూర్వపు అరువులు

పరభాషాపదములను పుచ్చుకొనుట మనకు ఇంగ్లీషువారితో ఆరంభమైనది కాదు. మేజా, అలమారా, పీపా, బొత్తాము, చాబీ, మేస్త్రీ అను మాటలు పోర్చుగీసువారి ఓడలతో మన దేశపు రేవులకు చేరి, ఊరూర వ్యాపించినవి. బాల్చీ యును ఆ కోవలోనిదే. నేడు ఇల్లు కట్టించువాడు మేస్త్రీని పిలుచునపుడు తాను పరభాషాపదము పలుకుచున్నానని తలపోయడు. అరబ్బీ, పారసీ, ఉర్దూ, మరాఠీ భాషల నుండి తెలంగాణమునకు వచ్చిన మాటలు ఇంకను మెండు. రందా, బర్మా, పానా, పేచ్‌కస్ లేక వడ్రంగి పనియు యంత్రపు పనియు సాగవు. ఇతర జిల్లాలలో బియ్యపు మర యనునది మనకు గిర్ని. అచ్చట కిరసనాయిలు, ఇచ్చట గాసునూనె.

ఈ మిశ్రభాషను హేయముగా జూడక, అదియును ప్రజల భాషయేయని గుర్తించిన వారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒకడు. ఆయన తన తెలుగు నిఘంటువునకు తోడుగా 1854 లో తెలుగున వాడుకలోనున్న అన్యదేశ్యపదములకు వేరుగా ఒక నిఘంటువును ప్రకటించెను. కచేరీలోను సంతలోను వినబడు మాటను నిఘంటువునకు ఎక్కింపవలెనను సూత్రము అందు కలదు.

పండితుల ప్రయత్నము

1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. ఆ గ్రంథాలయోద్యమపు గాలిలోనే 1906 లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు దానికి మూలపురుషులు. చరిత్రయే కాక పదార్థ విజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము కూడ తెలుగున చదువుకొనదగునని చూపుట వారి సంకల్పము. లక్ష్మణరావు తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనెను. 1923 లో ఆయన మరణించుటచే ఆ మహాకార్యము తొలి అక్షరముల దగ్గరనే నిలిచినది.

ఆ తరమువారును వారి వెనుకటివారును శాస్త్రపదములను ప్రధానముగ సంస్కృతము నుండి కూర్చిరి. దానికి కారణము లేకపోలేదు. సంస్కృత ధాతువులకు ఉపసర్గలను ప్రత్యయములను చేర్చి ఒక మాట నుండి పది మాటలు పుట్టింపవచ్చును. అవి ఇరుగుపొరుగు భాషలకును పనికివచ్చును. అట్లు వచ్చినవే ఆమ్లజని, ఉదజని, నత్రజని అను వాయువుల పేర్లు. ఈ మూడు మాటల అదృష్టము ఒక్కతీరుగ లేకపోవుట గమనింపదగినది. ఆమ్లజని పాతపుస్తకములలో మిగిలినది; దాని స్థానమును జనులు ప్రాణవాయువనియో, ఆక్సిజన్ అనియో నింపుకొనిరి. ఉదజని కొంతకాలము పత్రికలలో ఉదజని బాంబుగా మెరసి మరుగుపడినది. నత్రజని మాత్రము నిలిచినది. ఏలయన అది ఎరువుల బస్తా నెక్కి పొలమునకు వచ్చినది. వరికి నత్రజని ఎంత, భాస్వరము ఎంతయని రైతు లెక్క వేసికొనును. మూడింటిని కూర్చినది ఒక్క తీరు పాండిత్యమే. బ్రతికినది పని దొరికిన మాట.

విమానమను పురాణపదము ఆకాశయానమునకు చక్కగ నమరినది. రైలునకు పండితులు ధూమశకటమనిరి, పల్లెవారు పొగబండి యనిరి. రెండింటి భావము నొక్కటే. కాని రెండవది నోట నాడినంతగ మొదటిది ఆడలేదు. కాలక్రమమున రెండును వెనుకబడినవి. బొగ్గుయింజనులు పోయి డీజిలు, విద్యుత్తు యింజనులు వచ్చిన పిమ్మట పొగ లేని బండిని పొగబండి యని ఎట్లనగలము? కంటికి కనబడిన లక్షణమును బట్టి పెట్టిన పేరు ఆ లక్షణముతోనే పోవును. రైలు అనునది ఇంగ్లీషున నిజమునకు ఇనుప కమ్మి పేరు. మనము కమ్మిని పట్టా యని, బండిని రైలు అని పిలుచుకొంటిమి. అరువు తెచ్చిన మాటకు కూడ అర్థమును మనమే నిర్ణయించుకొందుమనుటకు ఇది తార్కాణము.

తంతి కథయు నిట్టిదే. తంత్రి యనగా తీగ. తీగపై వచ్చు వార్తకు తంతి యను పేరు తపాలా శాఖ పలకలపైకి నెక్కినది. మన పల్లెలలో అదే తీగను ఉర్దూలో తార్ అందురు గనుక తారు వచ్చినదనిరి. తారు వచ్చినదన్న ఇంటిల్లిపాది గుండెలు గుభేలుమనెడివి. 2013 జూలైలో మన దేశమున ఆ సేవ ముగియుటతో రెండు మాటలును చరిత్రలో చేరినవి.

ఉస్మానియా ప్రయోగము

మన ప్రాంతము నిజాం రాజ్యమున నుండుటచే ఇంకొక పెద్ద ప్రయత్నమును గూడ చూచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింప నిశ్చయించి, ఉర్దూను బోధనాభాష చేసి, అందుకై 1917 లో దారుల్ తర్జుమా యను అనువాదశాఖను నెలకొల్పిరి. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి యధిపతి. గణితము, భౌతికశాస్త్రము, వైద్యము, ఇంజనీరింగు మొదలగు శాస్త్రములకు గ్రంథములను అనువదించిరి. వేలకొలది పదములను అరబ్బీ, పారసీ ధాతువుల నుండి కూర్చిరి. పదములను ఎట్లు కూర్పవలెనను విషయమున వహీదుద్దీన్ సలీము 1921 లో ప్రత్యేకగ్రంథమే వ్రాసెను.

ఈ ప్రయోగమును న్యాయదృష్టితో తూచవలెను. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యము కాదన్న మాటను అది ఆనాడే ఖండించినది. అది గొప్ప కార్యము. కాని రాజ్యమున అధికసంఖ్యాకులు మాటలాడు తెలుగు, మరాఠీ, కన్నడములకు ఆ భాగ్యము దక్కలేదు. మన తాలూకా నుండి పట్నమునకు పోయిన తెలుగు బాలునకు ఇంగ్లీషు పదమెట్లో అరబ్బీ ధాతువు నుండి తీసిన పదమును అట్లే. 1948 తరువాత అచ్చట బోధన ఇంగ్లీషునకు మరలినది. దొరతనము కూర్చిన ఆ శాస్త్రపదములలో పల్లెకు దిగి నిలిచినవి స్వల్పము. కచేరీలో నిత్యము పని గలిగిన ఆబ్కారీ వంటి పాత మాటలు మాత్రము నేటికిని నిలిచియున్నవి.

1956 లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట తెలుగున పైచదువులు నడపవలెనను తలంపు బలపడినది. 1961 లో కేంద్రప్రభుత్వము శాస్త్రీయ సాంకేతిక పదముల సంఘమును నియమించినది. 1968 లో తెలుగు అకాడమి స్థాపితమైనది. అప్పటి విద్యామంత్రియు, మన పొరుగు కరీంనగరము జిల్లా వాడునగు పి.వి. నరసింహారావు దానికి తొలి యధ్యక్షుడు. అకాడమి కళాశాలలకు పాఠ్యగ్రంథములను, శాస్త్రమొకదానికి ఒకటి చొప్పున పారిభాషిక పదకోశములను ప్రకటించినది.

అన్నిటికంటె వేరు దారి త్రొక్కినది మాండలిక వృత్తిపదకోశము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున దాని మొదటి సంపుటము, వ్యవసాయపదములతో, 1962 లో వెలువడినది. చేనేత పదముల సంపుటము 1971 లో వచ్చినది. ఇందలి పద్ధతి సులభముగ దోచును గాని అంతకుముందు పెద్దగా ఎవరును పూనుకొనలేదు. మాటను గదిలో కూర్చుండి కల్పించుట గాక, జిల్లాలు తిరిగి రైతు నడిగి, నేతగాని నడిగి, ఏ వస్తువును ఏ యూర ఏమందురో వ్రాసికొనిరి. నాగలి యొక్క ప్రతి యవయవమునకును తెలుగున పేరు కలదనియు, ఆ పేరు ప్రాంతమును బట్టి మారుననియు ఆ కోశము సాక్ష్యములతో నిరూపించినది.

పనివారి కూర్పు

ఇక మన పనివారు తామై కూర్చిన మాటలను చూతము. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి, దాగలి, సమ్మెట, పట్కారు, శానము అను మాటలకు ఎవ్వరి సాయమును అక్కర లేదు. చెరువునకు సంబంధించిన మాటలు పరిపూర్ణమైన శాస్త్రము వంటివి: కట్ట, తూము, మత్తడి, షికము, కాలువ, పిల్లకాలువ. నీరు పంచు నీరటికి ఈ మాటలతోనే పని గడచెడిది. కడెం వంటి ప్రాజెక్టులు వచ్చినప్పుడు ఇంజనీర్ల పత్రములు స్లూయిస్, సర్ప్లస్ వియర్, డిస్ట్రిబ్యూటరీ యను మాటలతో నిండినవి. ఆ మాటలు చెప్పు వస్తువులు తూము, మత్తడి, పిల్లకాలువలే. పరిమాణము పెరిగినది గాని వస్తుస్వభావము మారలేదు. ఉన్న మాటను వాడిన యెడల ఆయకట్టు రైతు కాగితమును చదువుకొని తన నీటి వంతును తానే అడిగియుండును.

మోటను తలచుకొనుడు. తోలుబొక్కెనకు క్రిందిభాగమున నుండి నీరు విడుచు గొట్టమును తొండమనిరి. ఏనుగు తొండమునకును దానికిని పోలిక చూచినవాడు ఏ పాఠశాలలోను చదివినవాడు కాడు. బావిపై తిరుగునది గిరక. పాఠ్యపుస్తకమున అదే వస్తువు కప్పీ యను పేరుతో కనబడును. బాలుడు కప్పీని గూర్చి కంఠస్థము చేసి పరీక్ష వ్రాయును గాని, తన తాత వాడిన గిరకయే అదియని ఎరుగడు. శాస్త్రము ఇంటిలోనే యుండగా దూరదేశపు వస్తువని భ్రమపడుట ఇట్టిదే.

బొగ్గుగనికి మనవారు పెట్టిన పేరు బాయి. పొలమునకు పోవుటను బాయికాడికి పోవుటయనియే అను మన రైతుబిడ్డ, గనిలో కూలికి చేరినప్పుడు దానిని గూడ బాయియే యనెను. రెండును భూమిలోనికి త్రవ్వినవే. ఒకటి నీరిచ్చును, రెండవది బొగ్గిచ్చును. బొగ్గు ఎత్తి నింపువాని పనికి, వాని చేతి పనిముట్ల పేరనే తట్టాచెమ్మస్ అను మాట నిలిచినది. టబ్బు, హాలరు, మస్టరు వంటి ఇంగ్లీషు మాటలు వీనితో కలసి ఒకే వాక్యమున ఒదిగిపోయినవి. సిరిసిల్లలో మరమగ్గమును సాంచ యందురు. బ్రతుకుదెరువునకై భీవండి, ముంబయి పోయిన నేతగాండ్రు యంత్రముతోపాటు ఆ మరాఠీ మాటను తెచ్చుకొనిరి. మరమగ్గమను మాటయు మంచిదే. పుస్తకములలో అది, సిరిసిల్ల వీధులలో ఇది నడచుచున్నవి.

ఇతర దేశములలో

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఇంగ్లీషున స్క్రూడ్రైవర్ అనగా మరచీలను లోనికి నడుపునది. స్పెయిను దేశమువారు దానినే దెస్తోర్నియదోర్ అందురు. అనగా మరచీలను ఊడదీయునది. ఉర్దూ పేచ్‌కస్ అనగా బిగించునది. పనిముట్టు ఒక్కటే, చేయు పని ఒక్కటే. ఒకడు నడుపుట చూచెను, ఒకడు ఊడదీయుట చూచెను, మరియొకడు బిగించుట చూచెను. కనుక మాటకు మాట పెట్టిన అనువాదము కాదు. వస్తువును తన కన్నులతో చూచి పేరు పెట్టవలెను. మనము పానా యనుదానిని స్పెయినువారు యావే, అనగా తాళపుచెవి, యందురు. వెడల్పు మార్చుకొనదగిన పానాను ఇంగ్లీషు తాళపుచెవి యందురు. ఆ యావేయును, పోర్చుగీసువారి నుండి మనకు వచ్చిన చాబీయును ఒకే లాటిను మాటకు సంతానము. బండి నెత్తు జాకీని వారు పిల్లి యని పిలుతురు. తొండము కల్పించిన మన మోటవాడు వారికి దూరపు చుట్టము కాడు!

కంప్యూటరును స్పెయిను దేశమున ఓర్దెనదోర్ అనియు, అదే భాష మాటలాడు మెక్సికో మొదలగు దేశములలో కంపుతదోరా అనియు అందురు. ఒకే భాషకు రెండు పేర్లున్నను వారి నిఘంటువులు రెండింటికిని చోటిచ్చినవి. గిర్నియు మరయు, గాసునూనెయు కిరసనాయిలును ఒకే తెలుగున ఇముడవని వాదించువారు ఇది గమనింపవలెను. జపానువారు టెలిఫోనునకు విద్యుత్తు, మాట అను అర్థములు గల రెండు చీనా అక్షరములను కలిపి దెన్వా యనిరి. చిన్న దేశమగు ఐస్లాండువారు అంకె యను మాటను, భవిష్యము చెప్పు స్త్రీ యను మాటను జోడించి కంప్యూటరునకు తోల్వా యని పేరిడిరి. అది వారి ఇండ్లలో నేటికిని నడచుచున్నది. చిన్న భాష గనుక చేతకాదను మాట నిజము కాదు.

ప్రాణముతో ముడిపడిన మాటలు

ఇంతవరకు చెప్పినదానిని బట్టి అరువు మాటలనెల్ల తరిమివేయవలెనని ఎవరును తలపరాదు. బస్సు, సైకిలు, మోటరు, బోరింగు తెలుగుమాటలైపోయినవి. అట్లే పల్లెమాట యెల్లప్పుడును చాలుననియు అనరాదు. మందు అను మాటను చూడుడు. రోగమునకు వైద్యుడిచ్చునది మందు, చేనికి చల్లు ఎరువును మందే, పురుగును చంపునదియు మందే, సారాయియు మందే, తుపాకిలో దట్టించునదియు మందే. ఇట్టి చోట మాట విడివడక పోయిన యెడల ప్రాణహాని కలుగును. అందులకు మన రైతులే పురుగుమందు, తెగులుమందు, కలుపుమందు అని మూడు విభాగములు చేసికొనిరి. ఇంగ్లీషు శాస్త్రములో ఆ మూడింటికి ఎంత భేదము కలదో, ఈ మూడు మాటలలోను అంతే భేదము కలదు. కలుపుమందును పురుగుమందుగా నెంచి కొట్టిన చేను ఎండిపోవును. డబ్బాపై నున్న ఇంగ్లీషు పేరు చదువలేనివానిని ఈ తెలుగు మాటలును, విషతీవ్రతను చెప్పు త్రికోణపు రంగులును కాపాడుచున్నవి. ఎరుపు త్రికోణము అన్నిటికంటె తీవ్రమైన విషమునకు గుర్తు. మాట తేటగ నుండుట అలంకారము కాదు, ఆత్మరక్షణము.

ఈ చరిత్ర వలన మనకు తేలునవి నాలుగు. ఉన్న మాటను ముందు వెదకవలెను. తూము ఉండగా స్లూయిస్ అక్కర లేదు. పనివాని నోట నిలిచిన అరువు మాటను గౌరవింపవలెను. పానాను వెలివేసి క్రొత్త సమాసము కట్టుట వృథాశ్రమ. క్రొత్త మాట కట్టవలసివచ్చినచో పొట్టిగను, పలుక సుళువుగను, పనిని చెప్పునదిగను ఉండవలెను. మీటు అను క్రియ నుండి పుట్టిన మీట దీనికి ఆదర్శము. కట్టిన మాటకు వెంటనే పని కల్పింపవలెను. బస్తాపైనను, బడిపుస్తకమునను, పత్రికయందును కనబడని మాట నిఘంటువుననే నిద్రించును.

మోటలు పోయినవి; గిరకబావులు పూడినవి; నాగళ్లు కొట్టములలో మూలపడినవి. ట్రాక్టరు వచ్చినందులకు విచారింప బనిలేదు. ఎద్దుల వెనుక నడచిన కాళ్లకు అది విశ్రాంతి నిచ్చినది. కాని వస్తువుతోపాటు దాని మాటయు పోయిన, రేపటి యంత్రమునకు పేరు పెట్టుటకు ముడిసరుకే యుండదు. తొండము, గిరక, మత్తడి వంటి మాటలు ఒక్కొక్కటియు ఒక యంత్రరహస్యమును దాచుకొన్న పెట్టెలు. వానిని ఎరిగినవారు మన నడుమ ఇంకను కొందరు కలరు, వారు వయోవృద్ధులు.

కావున మన గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకమును తెరచి పదసేకరణకై కేటాయించుట ఈ రజతోత్సవమునకు తగిన పని యగును. ప్రతి పుటయందును పనిముట్టు పేరు, దాని భాగముల పేర్లు, అది చేయు పని, చెప్పినవారి వృత్తి వ్రాసి, ప్రక్కన బొమ్మ గీయవలెను. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, సాలె, చేపలు పట్టువాడు, గని కార్మికుడు, మోటరు బాగుచేయు కుర్రవాడు, అందరును చెప్పదగినవారే. అక్షరము రానివారు చెప్పగా బడిపిల్లలు వ్రాసికొందురు గాక. చందాదారులలో ఎవరి ఇంట పాత పనిముట్టు ఉన్నను, దానిని తూకమునకు అమ్మివేయుటకు ముందు ఒక్క పూట గ్రంథాలయమునకు తెచ్చి, దాని మాటలను ఆ పుస్తకమున వ్రాయించి పోవలెనని సవినయముగ కోరుచున్నాను.